పనస చిగురుకు స్నానం

టిష్యూ కల్చర్ లాబ్‌లో కొత్తగా ఉద్యోగాలొచ్చిన పిల్లలు కొందరు ఈమధ్య మా ఇంటికొచ్చి, "మేడం, ఇన్నేళ్ళూ మీరు అసలేం పని చేశారో చెప్పండి" అని అడిగారు. "మొక్కముక్కలు కడిగాను" అన్నాను. వేళాకోళం చేస్తున్నాననుకుని నవ్వి, కాఫీ తాగి వెళ్ళిపోయారు. కానీ నేను నిజమే చెప్పాను. మీ పుస్తకాల్లో హార్మోన్ల గురించి అధ్యాయాలకి అధ్యాయాలు ఉంటాయి. ముక్కని శుద్ధి చేసి సీసాలో పెట్టాలని మాత్రం ఒక్క వాక్యం ఉంటుంది. నా ఉద్యోగమంతా ఆ ఒక్క వాక్యంలోనే గడిచిపోయింది.

ఆ పిల్లలు మళ్ళీ వస్తారో రారో తెలీదు. అందుకని రాసి పెడుతున్నాను. ప్రమోషన్ల గురించి రాయను, అవి అందరికీ వచ్చినట్టే నాకూ వచ్చాయి. నాకు బుద్ధి వచ్చేలా చేసిన సంగతులు రెండు మూడున్నాయి, అవి రాస్తాను.

పామూ కర్రా

ముందు పనేంటో చెప్పాలి. చెట్టు కొస నుంచి పెసరగింజంత చిగురు కోస్తాం. దాన్ని సీసాలో జెల్లీ మీద కూచోబెడతాం. ఆ జెల్లీలో మొక్కకి కావలసిన లవణాలుంటాయి, పంచదార ఉంటుంది. అన్నీ కుదిరితే ఆ చిగురు పక్క చిగుళ్ళు వేస్తుంది, వాటిని విడదీసి మళ్ళీ పెడతాం, అలా ఒకటి వందలవుతుంది.

చిక్కంతా పంచదారతోనే. బెల్లం ఉన్నచోటికి ఈగల్ని ఎవరూ పిలవక్కర్లేదు. చెట్టు మీద ఉన్నంతకాలం ఆ చిగురుతో పాటు బూజులూ, బాక్టీరియాలూ, దుమ్మూ అన్నీ కలిసే కాపరం చేస్తుంటాయి. ఎవరి తిండి వాళ్ళది, గొడవుండదు. సీసాలోకి వచ్చాక మాత్రం బూజుకి పంచదార పండగ. మొక్క నిదానంగా కళ్ళు తెరిచేలోపే అది సీసానంతా ఆక్రమించేస్తుంది. కాబట్టి చిగురు మీదున్నవన్నీ చావాలి, చిగురు బతకాలి. పాము చావకుండా కర్ర విరగకుండా పని నడిపేవాళ్ళని ఆఫీసుల్లో చాలామందిని చూశాను. మాకు ఆ సౌకర్యం లేదు. పాము చచ్చి తీరాలి, కర్ర విరగకూడదు, పైగా ఆ పాము కర్రకే చుట్టుకుని ఉంటుంది.

మందులు మామూలువే. ముందు కుళాయి నీళ్ళు, తరవాత సబ్బు నీళ్ళు, బూజుమందు, కాసేపు స్పిరిట్. ఆఖరికి బ్లీచింగ్ ద్రావణమో, పాదరసంతో చేసిన విషం లాంటి మందో వాడతాం. ఏ మందు ఎంతసేపన్నదే విద్య. అది ఏ పుస్తకంలోనూ సరిగ్గా దొరకదు, ఎందుకంటే పుస్తకం రాసినవాళ్ళ చెట్టు వేరు, మీ చెట్టు వేరు.

మా డైరెక్టరు గారి సిద్ధాంతం

తొంభైల్లో రావులపాలెం చుట్టుపక్కల అరటి రైతులకి టిష్యూ కల్చర్ మొక్కల మీద కొత్తగా ఆశ పుట్టింది. ఆ ఊపులోనే రాజమండ్రి నుంచి కోరుకొండ వెళ్ళే దారిలో, ఒక అద్దె మేడలో మా లాబ్ మొదలైంది. పెట్టినాయన శేషగిరి గారు, మేం డైరెక్టరు గారు అనేవాళ్ళం. అంతకుముందు ఆయన పురుగుమందుల వ్యాపారి. మనిషి మంచివారు. ఆయన సిద్ధాంతం మాత్రం ఒకటే: చావకపోతే డోసు పెంచు.

అరటి విషయంలో ఆ సిద్ధాంతం బ్రహ్మాండంగా పనిచేసింది. అరటి పిలక మొండి ఘటం. పైపొర మందుకి మాడిపోతే ఒలిచి పారేస్తాం, కింద ఇంకో పొర ఉంటుంది. అలా ఒలుచుకుంటూ పోతే నడిమధ్య మొవ్వు తెల్లగా, ఏ మచ్చా లేకుండా దొరుకుతుంది. దాంతో డైరెక్టరు గారికి శుద్ధి అంటే ఇంతేనన్న ధైర్యం వచ్చేసింది. మొదట తేలికైన పని దొరకడం అదృష్టమని అందరూ అనుకుంటారు. నా లెక్కలో అది ప్రమాదం.

ఒక దసరాకి ఆయన ఆయుధపూజ లాబ్ లోపలే చేయించారు. మేం మొక్కలు కోసే బల్లకి వెనక, గాలిని వడగట్టి మా వైపు పంపే పెట్టె ఉంటుంది. అప్పట్లో మా దగ్గరున్న ఖరీదైన వస్తువు అదే. కాబట్టి మొదటి బొట్టు దానికే పడింది. జల్లెడకి పసుపు రాశారు, కుంకుమ పెట్టారు, స్టీలు బల్ల మీద కొబ్బరికాయ కొట్టారు, అగరొత్తులు వెలిగించారు, గుమ్మంలో గుమ్మడికాయ పగలగొట్టారు. నేను వెనక నిలబడి దణ్ణం పెట్టుకుంటూనే, అగరొత్తుల పొగ ఎటు పోతోందో చూస్తున్నాను. ఆ తరవాత కొన్నాళ్ళపాటు మా సీసాల్లో పచ్చవీ నల్లవీ నారింజ రంగువీ, నేను పేర్లు కూడా ఎరగని బూజులన్నీ పూశాయి.

"పూజ చేస్తే ఇలా అవడమేంటమ్మా?" అని ఆయన నిజంగానే బాధపడ్డారు.

"పూజ తప్పు కాదండీ, చోటు తప్పు" అన్నాను.

"మరి దేనికి చెయ్యమంటావు?"

"జనరేటర్‌కి చేద్దామండీ. అది ఆరుబయటే ఉంటుంది."

అప్పట్నుంచి ఏ పూజైనా జనరేటర్‌కే. లాబ్ మొత్తంలో అంత భోగం అనుభవించిన యంత్రం ఇంకోటి లేదు. ఆయనలో నాకు నచ్చిన గుణం కూడా ఇక్కడే చెప్పాలి. పాడైన సీసాల్ని దాచి అమ్మే ప్రయత్నం ఆయన ఎన్నడూ చెయ్యలేదు. పోయింది పోయిందనేవారు. ఆ గుణం ఉన్న యజమాని దొరికితే సిద్ధాంతాలు ఎలాంటివైనా సర్దుకుపోవచ్చు.

శుక్రవారం సీసాలు

మా దగ్గర శారద అని ఒకమ్మాయి ఉండేది. చెయ్యి వణకదు, కోత సన్నం, మాట తక్కువ. అలాంటి పిల్ల కోసి పెట్టిన సీసాలు వారంలో ఒక్కరోజువి మాత్రం పాడవుతున్నాయి. ఆ రోజు శుక్రవారం. దిష్టి అన్నారు కొందరు. శుక్రవారం కుక్కర్ సరిగ్గా ఆవిరి పట్టడం లేదేమో అన్నారు డైరెక్టరు గారు. మా కుక్కరంటే జెల్లీ సీసాల్ని ఉడికించే పెద్ద ఆవిరి పీపా.

పాడైన సీసాని చూడగానే పారెయ్యకండి. ముందు బూజు ఎక్కడ మొదలైందో చూడండి. మొక్కముక్కని అంటుకుని మొదలైతే అది మొక్కతో వచ్చింది. మొక్కకి దూరంగా జెల్లీ మీద అక్కడొక చుక్కా ఇక్కడొక చుక్కా ఉంటే అది పైనుంచి రాలింది. శారద శుక్రవారం సీసాలన్నిట్లోనూ చుక్కలు మొక్కకి దూరంగానే ఉన్నాయి. పైన ఏముంటుంది? పైన శారద ఉంది.

శుక్రవారం ఆ అమ్మాయి తలంటుకుని వచ్చేది. బస్సుకి టైమవుతుందని తడిజుట్టు అలాగే ముడేసి, దానిమీద లాబ్ టోపీ పెట్టుకునేది. టోపీ కూడా తడిసేది. ఈ మాటంటే ఆ పిల్లకి కళ్ళనీళ్ళు తిరిగాయి. "తలంటుకుని వచ్చాను మేడం. ఇంతకంటే శుభ్రంగా ఎలా ఉంటారు?"

నేను వాదించలేదు. జెల్లీ పోసిన పళ్ళెం ఒకటి మూత తీసి తన తలకింద కాసేపు ఉంచమన్నాను. జుట్టు ఆరిన రోజు ఇంకోటి పెట్టించాను. కొన్నాళ్ళకి మొదటి పళ్ళెం నిండా బూజు చుక్కలు లేచాయి, రెండోది దాదాపు ఖాళీ. శారద పళ్ళేలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది. తరవాత, "అయితే మురికి జుట్టుతో రమ్మంటారా?" అంది.

"పొడి జుట్టుతో రమ్మంటున్నాను."

శుక్రవారం తలస్నానం మానడానికి వాళ్ళత్తగారు ఒప్పుకోలేదు. అత్తగార్లతో వాదించడం నా ఉద్యోగంలో భాగం కాదు కాబట్టి శుక్రవారం శారదకి జెల్లీ వండే పని అప్పగించాను. సీసాలు బాగుపడ్డాయి.

ఆ సంగతి నన్ను చాలాకాలం వదల్లేదు. మా నాయనమ్మ మడి కట్టుకునే మనిషి. దేనిమీద నాలుగు చుక్కలు నీళ్ళు చల్లితే అది ఆవిడకి పవిత్రం. నది, చెరువు, చెంబు, తడిబట్ట, మనకి శుభ్రం అన్న మాటలోనే నీళ్ళున్నాయి. ఆ మాట అనగానే మన చెయ్యి నీళ్ళవైపు పోతుంది. లాబ్‌లో శుభ్రం అంటే పొడి. తడి ఉన్నచోట అన్నీ బతుకుతాయి, అన్నీ ప్రయాణిస్తాయి. ఈ రెండు శుభ్రాల మధ్య తేడా నాకు శారద జుట్టుతో అర్థమైంది అనుకున్నాను. కొంతే అర్థమైందని తరవాత తెలిసింది.

ఆదిలక్ష్మి గారు

హైవే వెడల్పు చేస్తున్న రోజులవి. ఒక ఎండాకాలం పొద్దున్న నలభై అయిదేళ్ళావిడ, చేతిలో గుడ్డకట్టిన బుట్టతో మా లాబ్ మెట్లెక్కింది. పేరు ఆదిలక్ష్మి. రావులపాలెం దాటాక రోడ్డు పక్కనే ఇల్లు. భర్త పోయాక పనసపొట్టు కొట్టి పెళ్ళి వంటలవాళ్ళకి అమ్ముతూ సంసారం నడుపుతోంది. బుట్టలో ఉన్నది కూడా పొట్టే.

లేత పనసకాయని కత్తితో సన్నగా కొట్టడం ఎంత జిగురు పనో మన జిల్లాలవాళ్ళకి చెప్పక్కర్లేదు. ఆవిడ పెరట్లోని చెట్టుకాయకి పాలు చాలా తక్కువ. పొట్టు పొడిపొడిగా రాలుతుంది, ఉడికితే మెత్తబడుతుంది గానీ ముద్దవదు. రాజమండ్రి వంటలవాళ్ళు ఆ పొట్టునే అడిగి తెప్పించుకునేవారు.

"రోడ్డువాళ్ళొచ్చి చెట్టుకి ఎర్రరంగు గుర్తు వేసెళ్ళారండి" అంది. "వానలు తగ్గగానే కొట్టేస్తారంట. కడియం నుంచి అంటు కట్టేవాళ్ళని తీసుకొచ్చాను. రెండుసార్లు కట్టారండి, రెండుసార్లూ ఎండిపోయింది."

"గింజలు వెయ్యలేదా?" అన్నారు డైరెక్టరు గారు.

"గింజ వేస్తే చెట్టు వస్తుందండి. ఆ చెట్టు రాదు."

అదీ నిజమే. పనసగింజలు తల్లిని పోలవు. డైరెక్టరు గారు మొహమాటంగా, "పనస మన వ్యాపారం కాదమ్మా, మాది అరటి" అన్నారు.

"ఒక్క అరటి నుంచి వేలు తీస్తున్నారంట కదండి. నాకు వేలొద్దండి, ఒక్కటి తీసివ్వండి. ఆ చెట్టు పోతే నేను పొట్టు కొట్టేదాన్నే గానీ, నా పొట్టు అడిగేవాళ్ళుండరు."

ఆయన పొట్టు మాత్రం ఇంటికి పట్టుకెళ్ళారు. మర్నాడు పొద్దున్న వచ్చి, "రాత్రి ఆవపెట్టి కూర చేశారు ఇంట్లో. ఆ చెట్టు పోకూడదు" అన్నారు. మా లాబ్‌లో పరిశోధన నిర్ణయాలు కొన్ని ఇలాగే జరిగేవి.

మొదటిసారి తొలకరి వానల్లో చిగుళ్ళు కోసుకొచ్చాం. కొద్దిరోజుల్లోనే ప్రతి ముక్క చుట్టూ నల్లబూజు కట్టింది. రెండోసారి డైరెక్టరు గారి సిద్ధాంతం ప్రకారం పాదరసం మందులో ఎక్కువసేపు ఉంచాం. ఈసారి ఒక్క సీసాలోనూ బూజు రాలేదు. అంత శుభ్రమైన సీసాలు నేనెప్పుడూ చూడలేదు, ఎందుకంటే లోపల బతికున్నది ఏదీ లేదు. చిగుళ్ళన్నీ మాడి నల్లబడ్డాయి.

"బూజు లేదు కదమ్మా" అన్నారాయన, సీసా వెలుతురుకి పెట్టి చూస్తూ.

"మొక్క కూడా లేదండీ."

మూడోసారికి ముందు ఆయనే ఆదిలక్ష్మి గారితో, "మేమొచ్చి కోసేదాకా ఆ కొమ్మని కాస్త శుభ్రంగా ఉంచమ్మా" అని చెప్పారు. ఆవిడ తలూపింది. ఆసారి వచ్చిన చిగుళ్ళు చూసి నాక్కూడా ముచ్చటేసింది. రోడ్డు పక్క చెట్టుకి దుమ్మన్నదే లేదు, ఆకులు మెరిసిపోతున్నాయి. నేను మామూలుగా మందులు పట్టించి సీసాల్లో పెట్టాను. ఈసారి బూజు రాలేదు. ప్రతి ముక్కకీ కోసిన చివర నుంచి పాలలాంటి తెల్లటి జిగురు దిగి జెల్లీలోకి పాకింది. ఇది పనసపాలు కాదు, బాక్టీరియా. పైనుంచి రాలింది కాదు, పైతోలు మీదిది కూడా కాదు. లోపల్నుంచి వస్తోంది.

తొలకరిలో బురద చిమ్ముకున్న చిగుళ్ళకంటే ఇంత శుభ్రంగా కనిపించినవి ఎందుకు అధ్వాన్నంగా ఉన్నాయి? నాకు అన్నం సయించలేదు. బాధ కొంతే, మిగతాదంతా తెలుసుకోవాలన్న యావ. మర్నాడు చెప్పాపెట్టకుండా మొదటి బస్సెక్కి రావులపాలెం వైపు వెళ్ళాను.

బిందెతో నీళ్ళు

నేను వెళ్ళేసరికి ఆదిలక్ష్మి గారు పనసచెట్టు కింద స్టూలెక్కి ఉంది. తలారా స్నానం చేసి తడిచీరతోనే ఉంది. బిందెలో పసుపు కలిపిన కాలవ నీళ్ళు. మేం కోయాల్సిన కొమ్మని ఒక చేత్తో వంచి పట్టుకుని, చంటిపిల్లకి లాలపోసినట్టు ఒక్కొక్క చిగురు మీదా చెంబుతో నీళ్ళు పోస్తోంది. పెదాలు కదులుతున్నాయి, ఏదో చదువుకుంటోంది.

నన్ను చూసి కంగారుపడలేదు. "పెద్దాయన శుభ్రంగా ఉంచమన్నారు కదండి. రోజూ పోస్తున్నాను" అంది.

నాకు ముందు నవ్వొచ్చింది. మా నాయనమ్మ ఉన్నా సరిగ్గా ఇదే చేసేది. శారద చేసిందీ ఇదే. ఆ చెట్టుకి అంతకంటే గౌరవం ఎవరూ ఇవ్వలేరు, అంతకంటే కీడూ ఎవరూ చెయ్యలేరు.

"దిగండి ఆదిలక్ష్మి గారూ, ఒకటి చూపిస్తాను" అన్నాను.

పనస చిగురు విడిగా ఉండదు. కొసన ఆకు మొలక చుట్టూ సన్నటి తొడుగు ఉంటుంది, టోపీలాగా. నేను ఒక తొడుగుని గోటితో చీల్చాను. లోపల్నుంచి నీటిబొట్టు జారి నా అరచేతిలో పడింది. అది కాస్త చిక్కగా ఉంది, పసుపు వాసనకింద ఇంకో పులిసిన వాసన ఉంది. ఆవిడ నా చెయ్యి పట్టుకుని దగ్గరగా చూసింది, వాసన చూసింది.

"ఈ నీళ్ళు ఎప్పటివండి?"

"మీరు పోసినవే. బయటికి పోయే దారిలేక అందులోనే నిలవున్నాయి. కాలవలో ఉండేవన్నీ వాటితో పాటు లోపలికి చేరాయి. ఇంక నేను పైన ఎంత మందు పూసినా అందదు."

ఆవిడ బిందెవైపూ చెట్టువైపూ మార్చి మార్చి చూసింది. "నీళ్ళు పోస్తే మైల పోతుందంటారు గానీ, పడుతుందంటారేంటండీ?"

"మా దగ్గర అంతేనండీ."

"అయితే మీ దగ్గరంతా తిరగేసి ఉంటదన్నమాట" అంది. కోపంగా కాదు, కొత్త ఊరి ఆచారం తెలుసుకున్నట్టు అంది. స్టూలు మీంచి బిందె దించి నీళ్ళు చెట్టు మొదట్లో పోసేసింది. "ఇక్కడ పోయొచ్చా?"

"అక్కడ పొయ్యండి. వేళ్ళకి కావాలి."

పందిరి

మిగిలిన పనంతా ఆవిడా నేనూ కలిసే చేశాం. కింది కొమ్మ ఒకటి కురచగా నరికించాం, కొత్త చిగుళ్ళు రావాలని. దానిమీద వాన పడకుండా నాలుగు వెదుళ్ళు పాతి టార్పాలిన్ కప్పించాం. అది వంటలవాళ్ళు పెళ్ళిళ్ళలో గాడిపొయ్యి మీద కట్టుకునేది, అడగ్గానే ఇచ్చారు. కొమ్మకి బూజుమందు పొడి చల్లాం. ఆ తరవాత దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు, తడపకూడదు.

ముట్టుకోకుండా ఉంచడమే కష్టమైంది. రోడ్డుపక్క చెట్టుకి పందిరి వేస్తే మన జనం ఊరుకుంటారా? బస్సు దిగినవాళ్ళు చెప్పులు విప్పి దణ్ణాలు పెట్టడం మొదలుపెట్టారు. ఎవరో మానుకి కుంకుమ పూశారు, ఇంకెవరో కొమ్మకింద కొబ్బరికాయ కొట్టబోయారు. ఆదిలక్ష్మి గారు పొట్టు కత్తి చేత్తో పట్టుకునే బయటికొచ్చి, "దేవుడు కాదండీ, పనసచెట్టు, కదలండి" అని తరిమేది. ఆవిడని చూసి అమ్మవారి పూనకమనుకుని ఇంకా గట్టిగా దణ్ణం పెట్టినవాళ్ళు కూడా ఉన్నారట.

ఈలోపు రోడ్డు మిషన్లు దగ్గరికొస్తున్నాయి. పక్కవాళ్ళ కొబ్బరిచెట్లు పడిపోయాయి. చిగుళ్ళు ఇంకా తొడుగు విప్పలేదు. ఆవిడ మిషన్ డ్రైవర్లకి మధ్యాహ్నం అన్నంలోకి పొట్టుకూర పంపడం మొదలుపెట్టింది. వాళ్ళు ఆ చెట్టుని వదిలేసి అవతలి వైపు నుంచి పని చేసుకుంటూ వచ్చారు. రూల్ ఏంటో నాకు తెలీదు, కూర పనిచేసింది.

ఎండ బాగా కాసిన ఒక మధ్యాహ్నం కోతకి వెళ్ళాను. ముందురోజు ఫోన్‌లో ఆవిడ అడిగిన ప్రశ్న ఒకటే. "నేను స్నానం చేసి ఉండొచ్చాండీ?"

"చెయ్యండి. బాగా ఆరాక రండి."

ఆ చిగుళ్ళ తొడుగులు చీలిస్తే లోపల పొడిగా ఉంది. లాబ్‌కి తేగానే డైరెక్టరు గారు పాదరసం సీసా తీశారు. వద్దండీ, పలచటి బ్లీచింగ్ ద్రావణం చాలు, కొద్దిసేపే ముంచుదాం అన్నాను.

"అంత పలచటి మందుకి చస్తాయా?"

"చంపడానికి ఎక్కువ లేవండీ. ఆవిడ రానివ్వలేదు."

ఆయన సీసా మళ్ళీ బీరువాలో పెట్టేశారు. ఇంతకాలం మా బల్ల దగ్గర వెతికిన విద్య అసలు బల్ల దగ్గర లేదు. శుద్ధి సగానికి పైగా చెట్టు దగ్గరే అయిపోవాలి. మిగిలిన కాస్తకే మందు. పిల్లలూ, ఈ కాగితాల్లో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటామంటే దీన్ని పెట్టుకోండి.

అన్నీ బతికాయని చెప్పను. కొన్ని బూజుపట్టాయి, కొన్ని తమ పాలకి తామే నల్లబడ్డాయి. జెల్లీ నల్లబడినప్పుడల్లా కొత్త జెల్లీలోకి మార్చాం, శారదా నేనూ వంతులేసుకుని. చివరికి అయిదారు సీసాల్లో పచ్చదనం నిలబడింది.

చెట్టు కొట్టేసిన రోజు ఆదిలక్ష్మి గారు లాబ్‌కి వచ్చింది. బుట్ట లేదు. లోపలికి రానివ్వకూడదు కాబట్టి అద్దం అవతల నిలబడమని, నేనొక సీసా తెచ్చి అద్దానికి ఆనించి పట్టుకున్నాను. అంత పెద్ద చెట్టుకి బదులు అడుగున పెసరగింజంత పచ్చ మొలక.

"ఇదేనాండి?"

"ఇదేనండీ."

చాలాసేపు చూసింది. "దానికి ఊపిరాడుతుందాండి?" అంది.

ఆడుతుందని చెప్పాను. నాకు ఏడుపొచ్చింది, అద్దం ఉంది కాబట్టి తల తిప్పుకోవడం తేలికైంది.

కాయ

ఆ మొలకలకి వేళ్ళు వేయించడం, బయటి గాలికి అలవాటు చెయ్యడం ఇంకో కథ. అందులోనూ పోయినవి పోగా రెండు మొక్కలు మిగిలాయి. రెంటినీ ఆవిడ తమ్ముడి అరటితోట గట్టు మీద నాటారు. ఆవిడ మధ్యకాలంలో ఊళ్ళోవాళ్ళ చెట్లకాయలు కొని పొట్టు కొట్టుకుంటూ నెట్టుకొచ్చింది. అడిగి తెప్పించుకునే వంటలవాళ్ళు తగ్గారు. నేను అప్పుడప్పుడూ ఫోన్ చేస్తే, "ఎత్తు పెరిగిందండి, కాపు లేదు" అనేది. ఏళ్ళు గడిచాయి.

ఒకరోజు తనే ఫోన్ చేసి, "భోజనానికి రండి" అంది. ఇంకేం చెప్పలేదు. నాకర్థమైంది.

నేను వెళ్ళేసరికే కాయ కొట్టడం అయిపోయింది. పళ్ళెంలో పొట్టు పొడిపొడిగా, కుప్పగా ఉంది. చేత్తో తీసి జారవిడిచి చూపించింది, ఒక్క రేకా అంటుకోలేదు. ఆవపెట్టి కూర చేసి అరిటాకులో వడ్డించింది. నేను తిన్నాను. అదే కూర. డైరెక్టరు గారి ఇంట్లో వండిన దాన్లోంచి ఆయన నాకు పంపిన గిన్నె నాకింకా జ్ఞాపకమే. "సాధించామండీ ఆదిలక్ష్మి గారూ" అన్నాను. నా ఉద్యోగంలో అంత సంతోషంగా ఇంకెప్పుడూ లేను.

ఆవిడ కూడా కూచుని నిదానంగా తింది.

"చెట్టు అదేనండి" అంది చివరికి. "పొట్టు అదే, పాలు అంతే తక్కువ. వంటలవాళ్ళు కూడా అదే అంటారు, మళ్ళీ అడుగుతారు. నాకు దిగులు తీరిందండి. కానీ కూరలో ఏదో ఒక్కటి తగ్గింది."

నేను నాకు తెలిసినవన్నీ చెప్పాను. చెట్టు లేతది, మొదటి కాపులు అలాగే ఉంటాయి. నేల మారింది. అక్కడ ఇంటి పెరడు, ఇక్కడ అరటితోట, ఎరువులు వేరు. అన్నీ నిజాలే, ఇప్పుడు అడిగినా అవే చెబుతాను.

"అయ్యుండొచ్చండి" అంది. "నాకూ అలాగే అనిపిస్తోంది. కానీ ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. సీసాలో పెట్టేముందు దాని ఒంటిమీదవన్నీ చంపేశారు కదండి. వాటిల్లో దానికి కావలసినవాళ్ళు ఎవరన్నా ఉన్నారేమో?"

నేను ముద్ద కలుపుతూ ఆగిపోయాను. అన్నేళ్ళూ చంపడం ఎలాగా అని ఆలోచించాను. చచ్చినవి ఎవరని ఒక్కసారి కూడా అడగలేదు. అడగాలని కూడా తోచలేదు.

"తెలీదండీ" అన్నాను.

"తెలిసినప్పుడు చెప్పండి" అని ఇంకొంచెం కూర వడ్డించింది. "ఈలోగా తినండి, చల్లారిపోతోంది."

నేను రిటైరయ్యేదాకా ఆ ప్రశ్నకి జవాబుగా ఆవిడకి ఏ కబురూ పంపలేకపోయాను.